పదకొండో వార్డు జెన్నిఫర్

ప్రపంచంలో ఏ కొత్త వస్తువైనా పుట్టి, పెరిగి, ముసలిదై, మంచాన పడ్డాక గానీ మా శాఖలో అడుగు పెట్టదు. బ్లాగు కూడా అలాగే వచ్చింది. పాలు పోసేవాడు సైతం గేదె పక్కన నిలబడి రీల్సు చేసుకుంటున్న రోజుల్లో, సోమిదేవిపట్నం పురపాలక సంఘానికి పై కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ దిగింది. ఆ సంఘంలో నేను సీనియర్ అసిస్టెంటుని. నా పేరు గురునాథం. సర్క్యులర్లు చదివీ చదివీ కళ్లజోడు మందం పెరిగినవాణ్ణి కనుక ఏ ఉత్తర్వూ నన్ను కదిలించదు. ఇది మాత్రం కుర్చీలోంచి లేపేసింది.

మా కమిషనర్ భువనమోహన్ గారు దాన్ని నిలబడి చదివారు. పై నుంచి వచ్చినదేదైనా ఆయన నిలబడే చదువుతారు.

"వినండి. పౌరులు కార్యాలయమునకు స్వయముగా వచ్చుట కాలం చెల్లిన అలవాటు. ఇకపై అర్జీ అనగా కార్యాలయ బ్లాగునందు పెట్టబడిన వ్యాఖ్య మాత్రమే. ప్రతి వ్యాఖ్యనూ అర్జీగా స్వీకరించి, క్షేత్రస్థాయి విచారణ జరిపి, అర్జీదారు చిరునవ్వుతో ఉన్న ఫొటో జతపరచి ముగించవలెను."

"ప్రతి వ్యాఖ్యనా సార్?" అన్నాను.

"ప్రతి అంటే ప్రతీ అనే గురునాథం గారూ. అందులో అనుమానానికి తావెక్కడుంది? మీరే నోడల్ అధికారి."

మా సంఘానికి బ్లాగు ఉందన్న సంగతి నాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. మునుపటి కమిషనర్లలో ఎవరో సరదాపడి పెట్టించారు. అందులో ఉన్నది ఒకటే పోస్టు. పేరు "పచ్చదనమే ప్రగతి". పదకొండో వార్డులో ఆ కమిషనర్ గారు వేపమొక్క నాటుతున్న ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు. మొక్కని ఆ సాయంత్రమే మేక తినేసింది. బ్లాగుని ఏ మేకా ముట్టుకోలేదు కాబట్టి అది బతికి ఉంది.

తెరిచి చూస్తే గుండె ఆగినంత పనైంది. పోస్టు కింద వ్యాఖ్యలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఊళ్లో ఒక్కరూ చూడని బ్లాగుని ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంది. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మొట్టమొదటి దాన్ని తెనిగించి కమిషనర్ గారికి వినిపించాను.

"అద్భుతమైన పోస్టు! ఇలాంటి సమాచారం కోసమే ఎంతో కాలంగా వెతుకుతున్నాను. ఈ టీ తాగి నెల తిరక్కుండా సన్నబడ్డాను. నా జీవితమే మారిపోయింది. మీరూ ఇక్కడ నొక్కండి. ఇట్లు, జెన్నిఫర్."

భువనమోహన్ గారి కళ్లు చెమర్చాయి. "చూశారా! మనూరి పౌరుల్లో ఒక్కరైనా మనల్ని 'అద్భుతం' అన్నారా ఇన్నేళ్లలో? నొక్కారా మరి?"

"నొక్కానండి. కంప్యూటరు కాసేపు నల్లబడిపోయింది."

"పరవాలేదు. పౌరులు నొక్కమంటే నొక్కడం మన విధి."

ఇవి కంపెనీల వాళ్లు యంత్రాల చేత ఊరూరా చల్లించే చెత్త ప్రకటనలండీ అని మెల్లగా చెప్పబోయాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. "సర్క్యులర్లో 'చెత్త మినహా' అని ఎక్కడైనా ఉందా గురునాథం గారూ?" అన్నారు. లేదు. నేను మళ్లీ మళ్లీ చదివాను, ఎక్కడా లేదు.

సరిగ్గా అప్పుడే నా కిటికీ దగ్గరికి తలుపులమ్మ వచ్చింది. పదకొండో వార్డులో టిఫిను బండి ఆవిడది. బండికి ఎదురుగా రోడ్డు మధ్యలో ఉన్న మ్యాన్‌హోల్ మూతని ఎవడో ఎత్తుకుపోయాడు. అందులో ఒక బీమా ఏజెంటు స్కూటరుతో సహా దిగిపోయి, బయటికొచ్చాక ఆవిడకే పాలసీ అంటగట్టబోయాడట. ఇంకెవరైనా పడితే ప్రాణాలు పోతాయని, తలుపులమ్మ తన దోశల పెనం తీసుకెళ్లి ఆ గుంత మీద బోర్లించింది. బండి పెనం కదా, నలుచదరంగా బారెడుండే ఇనప పలక, గుంతకి సరిగ్గా సరిపోయింది. అప్పట్నుంచీ ఆవిడ బండి మీద దోశల్లేవు, ఉట్టి ఇడ్లీలే. దోశ లేని బండికి ఎవడొస్తాడు? పొద్దున్నే రుబ్బిన పిండి సాయంత్రానికి పులిసి పారబోసుకుంటోంది.

"బాబుగారూ, ఆ మూతేదో ఏయించండి. పెనం తీత్తే మడుసులు పడతారు, తియ్యకపోతే నా పిల్లలు పస్తుంటారు. ఎలాగండి మరి?"

"బ్లాగులో వ్యాఖ్య పెట్టాలమ్మా."

"ఎక్కడండి?"

"ఇంటర్నెట్టులో."

"నేనిక్కడే ఉన్నానుగదండి ఎదురుగా!"

"అదే ఇబ్బంది తలుపులమ్మా. ఎదురుగా ఉన్నవాళ్లని తీసుకోవద్దని ఉత్తర్వు."

ఆవిడ నన్ను పై నుంచి కిందికి చూసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇక మా కార్యాలయంలో పని మొదలైంది. అలాంటి పని నేనెన్నడూ చూడలేదు. వ్యాఖ్యాతలందరూ ఏ వార్డు వాస్తవ్యులన్నది తేలలేదు. ఫొటోలో మొక్క పదకొండో వార్డుది కాబట్టి అందరినీ పదకొండో వార్డుకే రాసేశాం. విచారణాధికారిగా ఆ వార్డు బిల్లు కలెక్టర్ నూకరాజుని వేశారు. నూకరాజు నెమ్మదైన మనిషి, పన్ను అడగడానిక్కూడా సిగ్గుపడతాడు. అతను వీధివీధీ తిరిగి, జెన్నిఫర్ గారిని గురించి తొలి నివేదిక సమర్పించాడు: "అర్జీదారు వార్డులో ఎంత వెదికినా కానరాలేదు. తమ వ్యాఖ్యలో చెప్పుకున్న విధముగా మిక్కిలి సన్నబడి ఉండవచ్చును."

ఆ నివేదికని కమిషనర్ గారు మెచ్చుకున్నారు గానీ, నవ్వుతున్న ఫొటో లేదని వెనక్కి పంపారు.

తరవాతి వ్యాఖ్య ఏదో దేశపు సైన్యాధిపతి గారి వితంతువుది. భర్త పోయాడనీ, అపారమైన సొమ్ము బ్యాంకులో ఇరుక్కుపోయిందనీ, నమ్మకస్తుడు ఒకడు తోడు కావాలనీ రాసింది. భువనమోహన్ గారు చదివి నిట్టూర్చారు.

"భర్త పోయిన ఆడకూతురు. సొమ్ము చేతికి రావడం లేదు. అంటే ఆదాయం లేదు. వితంతు పింఛనుకి అర్హురాలు అవునా కాదా?"

"అవునండి, కానీ—"

"ఇంటి సంగతేమిటి?"

నూకరాజు వార్డులో పెద్దమనుషుల్ని కూచోబెట్టి పంచనామా రాయించాడు. ఆ పేరు గల స్త్రీకి ఈ వార్డులో ఇల్లు గానీ, స్థలం గానీ, కనీసం పాక గానీ లేవని అందరూ ఒక్క నోటితో చెప్పి వేలిముద్రలు వేశారు. ఇంతకన్నా బలమైన రుజువు మా శాఖ చరిత్రలో ఏ నిరుపేదకీ దొరకలేదు. ఆవిడకి ఇళ్ల స్థలం మంజూరైంది. దక్షిణం వైపు చూసే స్థలం ఇచ్చామని పాపం కమిషనర్ గారు కొంచెం బాధపడ్డారు.

చవక చెప్పులు అమ్ముతామన్నవాడి వ్యాఖ్యని "పాదచారుల సౌకర్యం" కింద ఇంజినీరింగ్ విభాగానికి పంపాం. జుట్టు ఊడకుండా నూనె ఇస్తామన్నవాడిది పచ్చదనం విభాగానికి వెళ్లింది, రాలిపోయినది మళ్లీ మొలిపించడం వాళ్ల పనే గనక. ఫైళ్లు ఎంత జోరుగా కదిలాయంటే, సంతకాలు పెట్టలేక సూపరింటెండెంటు గారి మణికట్టు వాచింది.

ఈ మధ్యలో తలుపులమ్మ ఇంటర్నెట్టు సెంటరుకి వెళ్లి వచ్చింది. ఆ కథ నా కిటికీ దగ్గర నిలబడి చెప్పింది.

"నువ్వు మడిసివా, రోబోవా అని అడిగిందండి ఆ మిషను. మడిసినే అన్నాను. అయితే సిగ్నలు లైట్లున్న బొమ్మలన్నీ నొక్కమంది. మన సెంటర్లో ఆ తంబాల మీద బట్టలారేసుకుంటారు గదండి, అయి సిగ్నలు లైట్లని నాకేం తెలుసండి? బట్టలు లేవు గదాని ఒదిలేశాను. నువ్వు రోబోవేనంది."

"మళ్లీ ప్రయత్నించలేకపోయావా?"

"చేశానండి. ఈసారి జీబ్రా గీతలున్న రోడ్లు చూపించమంది. మనూళ్లో రోడ్లే లేవు, గీతలెక్కడియ్యండి? ఆఖరికి ఆ సెంటరబ్బాయి జాలిపడి తనే నొక్కి, నేను చెప్పింది తెలుగులో రాసి పెట్టాడు. వచ్చిందా మరి?"

వెదికాను. వచ్చింది. కానీ అందరి వ్యాఖ్యలతో పాటు లేదు. "స్పామ్" అని యంత్రం విడిగా పెట్టిన అరలో ఒంటరిగా ఉంది. "అయ్యా, మా బండి ముందర గుంతకి మూత లేదు, దయచేసి వేయించండి. ఇట్లు తలుపులమ్మ." అంతే. ఒక్క పొగడ్త లేదు, నొక్కమనీ లేదు. ఆ యంత్రానికి అనుమానం రావడం సహజమే.

పరుగున కమిషనర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. మనసులో ఎక్కడో ఆశ ఉంది నాకు, అబద్ధమెందుకు. ఆయన చూసి తల అడ్డంగా ఊపారు.

"చెత్త అని యంత్రమే నిర్ణయించాక మనమెవరం గురునాథం గారూ? పైగా పోస్టు పచ్చదనం గురించి, ఈవిడ గుంత గురించి రాసింది. సందర్భం లేదు. అందులోనూ ఆ ధోరణి చూడండి. జెన్నిఫర్ గారు 'అద్భుతం' అంటూ మొదలుపెట్టారు. ఈవిడ 'మూత లేదు' అంటూ మొదలుపెట్టింది. లేదు, లేదు, లేదు! మన పౌరులకి ఈ నెగెటివిటీ ఎక్కడ అబ్బిందో!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఏం లాభం? మండిన ఒళ్లుతోనే వచ్చి నా కుర్చీలో కూచున్నాను.

ఆ నెలాఖరుకి పై కార్యాలయం నుంచి అభినందనలు వచ్చాయి. రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నిటిలో ఒక్క ఫిర్యాదూ లేకుండా, అందిన వ్యాఖ్యలన్నీ పొగడ్తలే అయిన కార్యాలయం మాదేనట. పెద్ద అధికారులు స్వయంగా వస్తారని కబురు. అయితే ఒక్క లోపం ఉంది. నవ్వుతున్న అర్జీదారు ఫొటో ఒక్కటీ లేదు. భువనమోహన్ గారు నూకరాజుని పిలిచి, జెన్నిఫర్ గారి చిరునవ్వు తేకపోతే అతని ఇంక్రిమెంటు ఆపేస్తామన్నారు.

పాపం నూకరాజు ఆ మర్నాడు ఏడుపుమొహం వేసుకుని తలుపులమ్మ బండి దగ్గర కూలబడ్డాడు. జరిగింది తర్వాత అతనే నాకు చెప్పాడు.

"ఏటి నూకరాజుగారూ, అలాగున్నారు?"

"ఏం చెప్పనక్కా! జెన్నిఫరని ఒకావిడ కావాలి. ఈ వార్డేనంట. కాళ్లరిగిపోయాయి తిరిగి తిరిగి."

"ఆవిడడిగింది ఇచ్చేత్తారేటి?"

"ఇచ్చేత్తారు, శాలువా కూడా కప్పుతారు. మనిషే దొరకట్లేదు."

తలుపులమ్మ ఇడ్లీ పాత్ర మూత పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. గుంత మీద బోర్లాపడి ఉన్న పెనం వైపు ఒకసారి చూసింది.

"ఆయ్. నేనేనండి జెన్నిఫర్ని," అంది.

నూకరాజు నోరెళ్లబెట్టాడు. కానీ ఇంక్రిమెంటు గుర్తొచ్చి వెంటనే మూసేశాడు. ఇద్దరూ కలిసి అతని ఫోనులో పాత జెన్నిఫర్ వ్యాఖ్యనే తెరిచి, టీ ఉన్నచోట మ్యాన్‌హోల్ మూత అని పెట్టారు. "అద్భుతమైన పోస్టు! ఇలాంటి సమాచారం కోసమే ఎంతో కాలంగా వెతుకుతున్నాను. పదకొండో వార్డు టిఫిను బండి ఎదురుగా మ్యాన్‌హోల్ మూత వాడితే నెల తిరక్కుండా నా జీవితమే మారిపోతుంది. మీరూ ఇక్కడ నొక్కండి." ఈసారి మనిషివా, రోబోవా అని యంత్రం అడగనే లేదు. చూడగానే తమవాళ్లే అనుకున్నట్టుంది.

"గురునాథం గారూ!" అని కమిషనర్ గారి గదిలోంచి కేక. వెళ్లేసరికి ఆయన కంప్యూటరు ముందు నిలబడి ఉన్నారు. "జెన్నిఫర్ గారు మళ్లీ రాశారు! మన మ్యాన్‌హోళ్ల మీద అంతర్జాతీయ ఆసక్తి వ్యక్తమవుతోంది. తక్షణం మూత వేయించండి. పెద్దల రాక రోజునే ప్రారంభోత్సవం."

మూత అంత తేలిగ్గా రాదు. మా స్టోర్సు పద్ధతి ప్రకారం పాత మూత జమ చేస్తే గానీ కొత్త మూత ఇవ్వరు. పాత మూత దొంగ దగ్గరుంది. స్టోర్సు గుమాస్తా ససేమిరా అన్నాడు. చివరికి ప్రారంభోత్సవం నాటి తెల్లవారుజామున పనివాళ్లు వెళ్లి, గుంత మీద ఏదుంటే అదే పాత మూత అని నిర్ధారించి, తలుపులమ్మ పెనం పట్టుకొచ్చి జమ చేసేశారు. కొత్త మూత బయటికి వచ్చింది.

ప్రారంభోత్సవం నాడు పదకొండో వార్డులో షామియానా, మైకు, పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద జెన్నిఫర్ గారి బొమ్మ ఉండాల్సిన చోట వేపమొక్క ఉంది. పై అధికారులు ముందు వరసలో కూచున్నారు. నూకరాజు చెమటలు కక్కుతూ అర్జీదారుని వేదిక మీదికి తీసుకొచ్చాడు. జరీ అంచు చీర, తలలో కనకాంబరాలు, మెడలో పసుపుతాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

భువనమోహన్ గారు చేతులు జోడించి ఇంగ్లీషులో స్వాగతం పలికారు. మన ఊరు ఎలా ఉందని అడిగారు.

"ఆయ్, బానే ఉందండి," అంది తలుపులమ్మ.

కమిషనర్ గారు మైకు వైపు తిరిగారు. "గమనించండి! మన బ్లాగు చదివే ఈమె మన భాష నేర్చుకున్నారు. యాసతో సహా!"

చప్పట్లు మోగాయి. ఆవిడ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగుకున్నాను.

రిబ్బను కత్తిరించారు. మూత బిగించారు. అందరూ లేవబోతుండగా, స్టోర్సు వాళ్లు ప్రదర్శన కోసం తెచ్చి బల్ల మీద పెట్టిన పాత మూత ఆవిడ కంట పడింది. మీద "నిరుపయోగ ఇనుము" అని చీటీ అంటించి ఉంది. అంతే, ఒక్క ఉదుటున వెళ్లి రెండు చేతులా వాటేసుకుంది.

"ఓలమ్మో, నా పెనం! ఇది నాదండి! నేనియ్యను! సత్తే ఇయ్యను!"

నూకరాజు కళ్లు మూసుకున్నాడు. ఒక్క భువనమోహన్ గారి మొహం మాత్రం వెలిగిపోయింది.

"మన పురపాలక సంఘపు పాత మూత మీద ఆమెకెంత మమకారమో చూడండి! జ్ఞాపికగా అడుగుతున్నారు. మనం ఇవ్వలేమా?" అని, అక్కడికక్కడే ఆ పెనానికి పసుపు రిబ్బను కట్టించి, శాలువా కప్పి, పై అధికారుల చేతుల మీదుగా ఆవిడకి బహూకరించారు. తలుపులమ్మ ఏడుస్తూ నవ్వింది. నూకరాజు టక్కున ఫొటో తీశాడు. మా శాఖలో చిరునవ్వుతో ముగిసిన తొలి అర్జీ అదే.

తర్వాత బండి మీద మళ్లీ దోశలు లేచాయి. మునుపటికంటే జనం ఎక్కువైపోయారు. మంజూరు ఉత్తర్వులో మాత్రం ఒక షరతు ఉంది. లబ్ధిదారు సదరు వార్డులో నివసించని పక్షమున మూత స్వాధీనపరచుకొనబడును. కాబట్టి బండికి "జెన్నిఫర్ టిఫిన్స్" అని బోర్డు కట్టింది. అలవాటు కోసమని మొగుడు కూడా ఇంట్లో అలాగే పిలుస్తున్నాడట.

ఇక్కడితో ఊరుకుంటే అది మా శాఖ ఎందుకవుతుంది? మరి కొన్నాళ్లకి ఇంకో సర్క్యులర్ దిగింది. స్పామ్ అరలో ఉన్నవి కూడా అర్జీలే, ఒక్కటీ పెండింగ్ ఉండరాదు అని. నేను అర తెరిచాను. తలుపులమ్మ అర్జీ అలాగే ఉంది, మూత లేదు అంటూ. ఆలస్యమైన అర్జీ కాబట్టి నోడల్ అధికారి స్వయంగా వెళ్లి విచారించాలట. నూకరాజుని వెంటబెట్టుకుని వెళ్లాను.

పెనం సెగలు కక్కుతోంది. ఆవిడ ఉల్లిపాయ ముక్కతో నూనె రాస్తోంది. మమ్మల్ని చూసి నవ్వి, బల్ల తుడిచింది.

"విచారణకి వచ్చామమ్మా," అన్నాను. "పదకొండో వార్డు వాస్తవ్యురాలు తలుపులమ్మ అనే ఆవిడ గుంతకి మూత కావాలని అర్జీ పెట్టుకుంది. ఇరుగుపొరుగువారిగా మీరు వాంగ్మూలం ఇవ్వాలి. ఆ పేరు గలావిడ ఇక్కడ ఉన్నారా?"

ఆవిడ చేయి ఆగిపోయింది. నా మొహం చూసింది. రోడ్డు మధ్యలో మెరుస్తున్న కొత్త మూతని చూసింది. బడికెళ్లే పిల్లలు దాని మీద గెంతుకుంటూ పోతున్నారు.

"ఉండేదండి," అంది. "మీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఎటో పోయిందండి. ఇప్పుడా పేరుగలాళ్లు ఎవరూ లేరండి ఇక్కడ."

నూకరాజు ఆ మాటే రాసుకున్నాడు. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాడు. కొత్తగా నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ ఆవిడ జెన్నిఫర్ అని పెట్టింది.

"దోశెయ్యమంటారాండి?" అని అడిగి, పెనం మీద నీళ్లు చిలకరించింది.